థెరపీలో తోడు మనిషి వాటా

మా పెద్దమ్మ మనవడు బెంగళూరులో ఐటీ ఉద్యోగం చేస్తాడు. ఉగాదికి ఊరికొచ్చినప్పుడు మాటల్లో మాటగా "శనివారాలు థెరపీకి పోతాండా అవ్వా" అన్నాడు. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు పల్లె. పెద్దమ్మ బియ్యం ఏరుతోంది. చాట పక్కన పెట్టి "యాడరా నొప్పి? చెయ్యా, కాలా?" అని అడిగింది. పెద్దనాయనకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆమెకు తెలిసిన థెరపీ ఒకటే: మూసుకుపోయిన వేళ్లు తెరవడం, లేవని భుజాన్ని లేపడం.

వాడు కాస్త తటపటాయించి, "మనసుకు అవ్వా. నిద్ర పట్టదు, ఊరికే గుండె దడ. ఒక మేడం ఉంటాది, ఆమెతో మాట్లాడొస్తా" అన్నాడు. పిచ్చా అని అడుగుతుందేమోనని చుట్టూ ఉన్న మేమంతా బిగుసుకున్నాం. ఆమె అడిగింది వేరు.

"దినామూ పోవాల్నా?"

"లేదవ్వా, వారానికొకసారి. ఒక గంట."

"మరి తక్కిన ఆరు దినాలు ఎవురు చూస్తారు నిన్ను?"

వాడి దగ్గర జవాబు లేదు. రూములో ఒక్కడే ఉంటాడు. థెరపీ గురించి నేను చదివిన చాలా వ్యాసాల్లో ఈ ప్రశ్న లేదు. ఏ పద్ధతి మంచిది, గంటకు ఎంత తీసుకుంటారు, ఎన్ని సిట్టింగులు, ఇవే ఉంటాయి. పెద్దమ్మకు మాత్రం మొదట తోచింది ఆ తక్కిన ఆరు రోజులే. ఎందుకంటే పెద్దనాయన విషయంలో ఆ ఆరు రోజులూ, ఏడోదీ ఆమే. నా అభిప్రాయం ఏమిటంటే, థెరపీలో ఎక్కువ భాగం నిపుణుడి గదికి బయటే జరుగుతుంది. చేసేది పక్కనున్న మనిషి. అసలు థెరపీ అన్న మాట పుట్టింది కూడా ఆ మనిషి కోసమే. మన ఆసుపత్రులు, మన ఇళ్లు ఆ మనిషిని లెక్కలోకి తీసుకోవు. ఇది మారాలి.

యుద్ధంలో వైద్యుడు దొరకనప్పుడు

థెరపీ అన్న మాటకు మూలం గ్రీకు. ఆ భాషలో థెరాపోన్ అంటే వైద్యుడు కాదు. కనిపెట్టుకుని ఉండేవాడు, అనుచరుడు. ప్రాచీన గ్రీకు కవి హోమర్ యుద్ధకావ్యం ఇలియడ్‌లో, మహావీరుడు అకిలీస్‌కు పాట్రొక్లస్ థెరాపోన్. నౌకరు అని తీసేయడానికి లేదు, ప్రాణమిత్రుడు. అయినా చేసేవన్నీ పక్కనుండేవాడి పనులే. అతిథులు వస్తే నిప్పు రాజేస్తాడు, రొట్టెలు పంచుతాడు. అలిగి కూర్చున్న అకిలీస్ వీణలాంటి వాద్యం మీటుతూ పాడుకుంటుంటే, ఎదురుగా మాట్లాడకుండా కూర్చుని పాట అయ్యేదాకా ఉంటాడు.

నాకు బాగా పట్టుకున్న ఘట్టం ఇంకోటి ఉంది. యూరిపిలస్ అనే యోధుడికి తొడలో బాణం దిగుతుంది. కుంటుకుంటూ వస్తూ పాట్రొక్లస్‌కు ఎదురుపడి తన గోడు చెప్పుకుంటాడు: మన సైన్యంలో వైద్యులు ఇద్దరు, ఒకడు గాయపడి తనకే వైద్యుడు కావలసిన స్థితిలో పడున్నాడు, రెండోవాడు యుద్ధంలో ఉన్నాడు, నువ్వే చూడాలి అని. పాట్రొక్లస్ అతన్ని గుడారంలోకి తీసుకుపోయి, పడుకోబెట్టి, బాణం ముక్క కోసి తీసి, గోరువెచ్చని నీళ్లతో రక్తం కడిగి, చేదు వేరు నలిపి గాయానికి పెడతాడు. కథ చాలా దూరం నడిచాక కవి మళ్లీ అక్కడికి వస్తే, పాట్రొక్లస్ ఇంకా అక్కడే ఉన్నాడు. గాయానికి మందు రాస్తూ, మాటలు చెప్పి అతని మనసు తేలిక చేస్తూ కూర్చున్నాడు.

మందు, మాట, పక్కన కూర్చోవడం మూడూ ఒక్కచోట. చేసింది వైద్యుడు కాదు. వైద్యుడు దొరకనందువల్ల ఆ పని మీద పడ్డవాడు. మన దేశంలో మానసిక వైద్యులు లక్షమందికి ఒక్కరు కూడా లేరు. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, రకరకాల మానసిక సమస్యలున్నవారిలో 70 నుంచి 92 శాతం దాకా వైద్యం అందనివాళ్లే అని తేలింది. వైద్యం అందలేదంటే ఎవరూ చూడలేదని కాదు. ఇంట్లో ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు, చేదు వేరు ఏదో ఎవరూ చెప్పకుండానే.

తర్వాతి కాలంలో, థెరాపోన్‌కు చుట్టమైన థెరపేయా అనే మాట దేవుళ్ల పూజకు, గుర్రాల సాకుడుకు, రోగుల సేవకు అన్నిటికీ వాడారు. ప్లేటో రాసిన ఒక సంభాషణలో సోక్రటీస్ దీన్ని పట్టుకుని నిలదీస్తాడు. గుర్రాలు సాకేవాడి థెరపేయా వల్ల గుర్రం బాగుపడుతుంది, మరి నువ్వు దేవుడికి థెరపేయా చేస్తే దేవుడు ఏమన్నా బాగుపడతాడా అంటాడు. అవతలివాడు, అట్లా కాదు, యజమానికి బానిసలు చేసే సేవలాంటిది అని సర్దుకుంటాడు. సేవ చేయడం, బాగుచేయడం రెండూ ఒకటేనా అన్న పేచీ అప్పటి నుంచే ఉందన్నమాట. ఇంగ్లీషులో థెరపీ అన్న మాట కేవలం వైద్యం అర్థంలో వాడుకకు వచ్చింది 19వ శతాబ్దంలో. వచ్చేసరికి సేవ జారిపోయి, బాగుచేయడం ఒక్కటే మిగిలింది.

ఇక్కడొక ముచ్చట చెప్పి ముందుకు పోతా. థెరపీ అనే మాట బౌద్ధుల "థేర" నుంచి పోయిందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. 1వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా దగ్గర థెరపూటులు అనే సన్యాసుల గుంపు ఉండేదని ఫైలో అనే యూదు తత్వవేత్త రాశాడు, దాన్ని ఆధారంగా చూపిస్తారు. థేర అన్నది సంస్కృతం స్థవిర నుంచి వచ్చిన మాట, పెద్దవాడు అని అర్థం. థెరాపోన్ అన్న మాటేమో బుద్ధుడికంటే ముందరి ఇలియడ్‌లోనే ఉంది. చెవికి ఒకేలా వినిపించడం తప్ప రెంటికీ సంబంధం లేదు. మన గొప్పకు అట్లాంటి దొంగసాక్ష్యాలు అక్కరలేదు, అసలు సాక్ష్యమే ఉంది.

చరకుడి లెక్కలో నాలుగో వంతు

చరక సంహిత సూత్రస్థానం తొమ్మిదో అధ్యాయంలో చికిత్సకు నాలుగు పాదాలని చెప్పారు. వైద్యుడు, ఔషధం, ఉపస్థాత, రోగి. ఉపస్థాత అంటే దగ్గర నిలబడేవాడు, మన పరిచారకుడు. అతనికీ నాలుగు గుణాలు ఉండాలన్నారు: ఉపచారం చేయడం తెలియాలి, పనిలో నేర్పు ఉండాలి, రోగి మీద ప్రేమ ఉండాలి, శుభ్రత ఉండాలి. నాలుగింటిలో ప్రేమ ఒకటే అని గమనించండి. మిగిలిన మూడూ ఒకరు నేర్పితే వచ్చేవి. అంటే ప్రేమ ఉంటే చాలు అని చరకుడు అనలేదు. నలుగురిలో ప్రధానం వైద్యుడే అని కూడా అక్కడే స్పష్టంగా చెప్పారు. నేనూ కాదనను. ప్రధానం కాకపోవడం వేరు, లెక్కలోనే లేకపోవడం వేరు.

పెద్దనాయనను చేర్చిన ఆసుపత్రి పేరు అనవసరం. ఏ ఊళ్లో అయినా ఇంతే. ఉదయం రౌండ్స్‌కు డాక్టర్లు వస్తారనగా "అటెండర్లంతా బయటికి పోండమ్మా" అని కేకేస్తారు. పెద్దమ్మ చాప చుట్టి, ఫ్లాస్కు పట్టుకుని వరండాలోకి పోయేది. డాక్టర్లు పెద్దనాయనను ఏమడిగారో ఆమెకు తెలియదు. ఆయనకు మాట పడిపోయింది కాబట్టి ఆయన ఏం చెప్పలేదో డాక్టర్లకూ తెలియదు. రాత్రి ఎన్నిసార్లు పొలమారింది, ఏ వైపు తిప్పితే మూలిగాడు, అన్నీ తెలిసిన మనిషి గోడకవతల నిలబడి ఉంది. డాక్టర్లు వెళ్లాక అదే ఆమెను పిలిచి, యూరిన్ బ్యాగు ఎంత నిండిందో చూసి చెప్పు, నీళ్లు ఎన్ని తాగినాడో గుర్తుపెట్టుకో, గంటగంటకూ పక్క మార్చు అని చెప్పేవారు. పనికి మనిషి, మాటకు కాదు.

ఆ వార్డులో ఒక చిన్న వయసు ఫిజియోథెరపిస్టు మాత్రం వేరుగా ఉండేవాడు. పెద్దనాయన మంచం పక్కన స్టూలు మీద పెద్దమ్మను కూర్చోబెట్టి ఆమె చేతులతోనే చేయించాడు. "వేళ్లు పట్టుకుని గుంజొద్దమ్మా. ముందు మణికట్టు కిందికి వంచు. ఇప్పుడు బొటనవేలు బయటికి తియ్యి. చూడు, తక్కిన వేళ్లు అవే వదులైతాయి. అవి తెరుచుకున్నాక నిదానంగా మణికట్టు పైకి లేపు." రెండోది, పడిపోయిన చేతిని పట్టి లాగి మనిషిని లేపొద్దు, భుజం కీలు జారుతుంది. ఊళ్లో అందరూ ప్రేమగా చేసే పని సరిగ్గా అదే. చూడ్డానికొచ్చిన ప్రతివాడూ "లేయ్ మామా" అని ఆ చేతినే పట్టి లాగేవాడు. పెద్దమ్మ వాళ్ల చేతి మీద కొట్టి మరీ ఆపేది. పది నిమిషాల చదువు అది. ఇంటికొచ్చాక పాలు పిండడానికి ముందు ఒకసారి, రాత్రి సంగటి తిన్నాక ఒకసారి. ఈరోజు పెద్దనాయన ఆ చేత్తో చెంబు పట్టుకోగలడు. అందులో ఆ అబ్బాయి వాటా ఎంత, ఆమె వాటా ఎంత అని నేను కొలవలేను. ఆ పది నిమిషాలు లేకుంటే ఆమె ప్రేమంతా ఆ భుజాన్ని జార్చేది, అది మాత్రం ఖాయం.

ఇది మనసు వైద్యానికి కూడా వర్తిస్తుందని ఈ దేశంలో ఎప్పుడో చేసి చూపించారు. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో విద్యాసాగర్ అనే డాక్టరు, రోగుల బంధువులను ఆవరణలోనే గుడారాలు వేయించి ఉంచుకున్నారు. జబ్బు సంగతి వాళ్లకు వివరించి, వాళ్లతోనే పనులు చేయించారు. మన కడప, చిత్తూరు జనం రాయేలూరు అని పిలుచుకునే వేలూరులో, క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వాళ్ల మానసిక వైద్య కేంద్రం బాగాయంలో 1957లో మొదలైంది. అక్కడ చేరే రోగితో పాటు ఇంటి మనిషి ఒకరు ఉండటం పద్ధతిలోనే భాగం. మనకు గడపదాటి పక్కనే ఉన్న బళ్లారి సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. ఒకప్పుడు అదీ మనమూ ఒకే దత్తమండలం. 1985 నుంచి 1990 దాకా బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, మానసిక వైద్యాన్ని పల్లె దాకా తెచ్చారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆ బళ్లారి ప్రయోగమే నమూనా. పెద్ద డాక్టరు తనకు తెలిసింది కింది మనిషికి నేర్పడమే మూడు చోట్లా జరిగింది.

అరుగు చాలదు

ఇంతదాకా చదివి "అదే మేమూ అనేది, థెరపీలూ గిరపీలూ ఎందుకు, మన ఉమ్మడి కుటుంబాలు, మన అరుగులు ఉంటే చాలదా" అనేవాళ్లు ఉంటారు. వాళ్ల పక్షాన నన్ను కలుపుకోవద్దని గట్టిగా చెప్పాలి.

అరుగు మీద చెప్పుకున్నది పొద్దెక్కేలోగా కొళాయి కాడికి చేరుతుంది. కడపలో నాకు తెలిసిన ఒక అమ్మాయి కాన్పు తర్వాత నెలల తరబడి ఏడుస్తూనే ఉండింది. చుట్టూ మనుషులకు కొదవ లేదు. తల్లి, అత్త, ఇద్దరు ఆడబిడ్డలు. అందరూ ప్రేమగానే "ఏమైందో చెప్పు" అన్నారు. "ఎవరి గురించి చెప్పుకోవాల్నో వాళ్లే వచ్చి అడుగుతాంటే ఏం చెప్పేది అక్కా?" అంది నాతో. ఆమెకు కావలసింది బంధుత్వం లేని మనిషి, విన్నది విన్నచోటే వదిలేసే మనిషి, కాన్పు తర్వాతి కుంగుబాటు అనేది ఒక జబ్బని, దానికి మందు ఉందని తెలిసిన మనిషి. చివరికి కర్నూలులో ఒక డాక్టరమ్మ దగ్గర ఆ మూడూ దొరికాయి. ఇంటి నిండా థెరాపోన్‌లు ఉన్నా పనికిరాని సందర్భాలు ఉంటాయి. అక్కడ తోడు మనిషి చేయాల్సిన థెరపీ ఏమిటంటే, బస్సెక్కించి తీసుకుపోయి, తలుపు బయట కూర్చోవడం, లోపల ఏం మాట్లాడావని అడగకపోవడం.

అంతకంటే భయంకరమైనదీ ఉంది. కనిపెట్టుకోవడం కాపలా అయిపోతుంది, కాపలా గొలుసు అయిపోతుంది. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో ఒక ఆశ్రమంలాంటి చోట మంటలు లేచి 28 మంది మానసిక రోగులు చనిపోయారు. గొలుసులతో కట్టి ఉంచినందువల్ల పారిపోలేకపోయారు. వాళ్లను అక్కడ వదిలింది పగవాళ్లు కాదు, ఇంటివాళ్లే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయడాన్ని నిషేధించింది. మంచిదే. కానీ రాత్రిళ్లు ఇల్లు వదిలి పరిగెత్తే కొడుకును ఒంటరి తల్లి గొలుసు లేకుండా ఎట్లా చూసుకోవాలో నేర్పే మనిషి మండలానికి ఒకరన్నా ఉన్నారా? ఏ మందు ఎన్ని రోజులకు పనిచేస్తుంది, ఎప్పుడు మాట్లాడాలి, ఎప్పుడు ఊరుకోవాలి, ఇవేవీ ఆమెకు ఎవరూ చెప్పరు. ఉపచారం తెలియాలన్న చరకుడి మొదటి గుణం దగ్గరే మనం ఆమెను వదిలేశాం.

మాట మూలం తవ్వి "పూర్వం అర్థం సేవ, కాబట్టి ఇప్పుడూ సేవే" అనడం వాదన కాదని నాకు తెలుసు. వందల ఏళ్లలో మాటలు మారతాయి, మారాలి కూడా. కీమోథెరపీ ఎక్కించేవాళ్లకు రసాయనాల చదువు కావాలి, పాట్రొక్లస్ కాదు. మాటలతో చేసే వైద్యం విషయంలోనూ, ఆస్ట్రియాలో బెర్తా పాపెన్‌హైమ్ అనే యువతి దాన్ని "మాటల వైద్యం" అని మొదట పిలిచినప్పుడు ఎదురుగా ఉన్నది బ్రాయర్ అనే డాక్టరే. ఆ కథను బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి 1895లో అచ్చువేశారు. వింత ఏమిటంటే ఆమె ఆ జబ్బున పడింది తండ్రికి సేవ చేస్తూనే. రాత్రంతా ఆయన మంచం పక్కన మేలుకుని మేలుకుని చిక్కిపోయి, ఆ మంచం దగ్గరే ఆమెకు మొదట చెయ్యి మొద్దుబారింది, లేని పాములు కనిపించాయి. ఆధునిక మానసిక చికిత్సలో మొట్టమొదటి రోగి అని చెప్పుకునే మనిషి ఒక అటెండెంటు. దీన్ని ఎందుకో ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

పాట్రొక్లస్ ఏమయ్యాడు

థెరాపోన్ అన్న మాటకు, పూర్వం ఇప్పటి టర్కీ ప్రాంతంలో మాట్లాడిన హిట్టైట్ భాషలోని ఒక మాటతో చుట్టరికం ఉందని 1959 నుంచి కొందరు పండితులు అంటున్నారు. ఆ హిట్టైట్ మాటకు అర్థం, రాజు మీదికి వచ్చిన కీడును తన మీదికి తీసుకునే బదులు మనిషి. దీన్ని అందరూ ఒప్పుకోలేదు. గ్రీకుకు ముందున్న ఏదో స్థానిక భాష మాట అనేవాళ్లూ ఉన్నారు. కానీ ఇలియడ్ కథ తెలిసినవాళ్లకు ఈ ఊహ వినగానే ఒళ్లు జలదరిస్తుంది. ఎందుకంటే పాట్రొక్లస్ చచ్చింది అకిలీస్ కవచం తొడుక్కుని, అకిలీస్ బదులు యుద్ధానికి పోయి.

బిడ్డకు దిష్టి తీసి, "నీ పీడంతా నాకు రానీ" అని కణతల మీద మెటికలు విరిచే అవ్వలున్న సీమ మనది. ఆ మాట వాళ్లు ఊరికే అనరు, మనస్ఫూర్తిగా అంటారు. పెద్దమ్మ విషయంలో అది అక్షరాలా జరుగుతోంది. ఆమెకు షుగర్ ఉంది. పెద్దనాయన పడిపోయాక ఆమె ఒక్కసారి కూడా పరీక్ష చేయించుకోలేదు. "ఈయప్పను వదిలి యాడికి పోదు?" అంటుంది. మోకాళ్లు వాచి ఉన్నాయి, మంచం మీది మనిషిని లేపి లేపి నడుము పట్టేసింది. ఆయన బీపీ మాత్రం చీటీల కట్ట చూపించి తేదీలతో సహా చెబుతుంది. సేవ గొప్పది అని పొగిడేవాళ్లు ఇంటికి చాలామంది వస్తారు. ఒక పూట నేను కూర్చుంటా, నువ్వు కళ్యాణదుర్గం పోయి రక్తం ఇచ్చి రా అన్నవాళ్లు మా చుట్టాల్లో ఇద్దరు ముగ్గురే. అందులో మగవాళ్లు లేరు. కూర్చునేదీ ఆడవాళ్లే, వాళ్లకు మారు కూర్చునేదీ ఆడవాళ్లే. ఇది నాకు చాలా కోపం తెప్పించే సంగతి.

మనవడు ఊరు వదిలి వెళ్లేముందు ఆమెకు 14416 నంబరు ఫోనులో వేసి ఇచ్చాడు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ అది, తెలుగులోనే మాట్లాడతారు. రోగులకే కాదు, వాళ్లను చూసుకునేవాళ్లు కూడా చేయొచ్చు. ఆమె ఇంతవరకు చేయలేదు. నాకేమైంది అంటుంది.

అందుకని నేను అడిగేది ఫోను కంటే ముందు జరగాల్సిన పని. ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి చీటీలో రోగి పేరు, వయసు, జబ్బు, మందులు ఉంటాయి. అదే చీటీలో ఇంకో నాలుగు గీతలు కావాలి. ఇంట్లో చూసుకునేది ఎవరు, ఆమె వయసెంత. ఆమెకు ఏమేం నేర్పాం, ఆమె చేసి చూపించిందా. ఆమె బీపీ, షుగర్ ఎంత. ఆమెకు మారు కూర్చునే రెండో మనిషి ఎవరు. నాలుగో గీతలో మగవాళ్ల పేరు రాసేదాకా వార్డులో నుంచి పంపించకపోతే ఇంకా మంచిది. డబ్బు ఖర్చయ్యే పని కాదు, పక్క మంచం దగ్గర బీపీ మిషన్ ఎట్లాగూ ఉంటుంది.